అమెరికా దక్షిణాది హిప్‌హాప్

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతంలో, ముఖ్యంగా మయామి, హ్యూస్టన్, మెంఫిస్, న్యూ ఆర్లీన్స్, అట్లాంటా నగరాల్లో 1980ల నుంచి రూపు కట్టిన ర్యాప్ సంగీతాన్ని దక్షిణాది హిప్‌హాప్ అంటారు. అట్లాంటాకు చెందిన గూడీ మాబ్ బృందం 1995లో పాడిన ఒక పాట పేరు మీద దీనికి ‘డర్టీ సౌత్’ అన్న పేరు స్థిరపడింది. న్యూయార్క్, లాస్ ఏంజెలస్ తరవాత మూడో తీరం కనుక ‘థర్డ్ కోస్ట్’ అని కూడా వ్యవహరిస్తారు. పరిశ్రమ చాలాకాలం నాటుపాటగా పక్కన పెట్టిన ఈ సంగీతమే 2000 తరవాత అమెరికా ర్యాప్‌కు ప్రధాన స్రవంతి అయింది. ఈనాడు ఏ దేశంలో, ఏ భాషలో ర్యాప్ విన్నా వెనక నడిచే దరువు చాలాసార్లు మెంఫిస్, అట్లాంటాల నుంచి వచ్చినదే.

దక్షిణాది అని ఒక్క పేరుతో పిలుస్తున్నా ఇది ఒక్క బాణీ కాదు. మయామి పాట పరుగెత్తుతుంది, హ్యూస్టన్ పాట పాకుతుంది. న్యూ ఆర్లీన్స్ పాట ఊరేగింపులా సాగితే మెంఫిస్ పాట చీకట్లో భయపెడుతుంది. వీటన్నిటినీ ఒక గూటికి చేర్చింది ఆ ఊళ్లు గడిపిన బతుకు. పెద్ద కంపెనీలు ఈ ఊళ్లకు రాలేదు. అందుకని ఇక్కడివాళ్లు సొంత క్యాసెట్లు, సొంత దుకాణాలు, సొంత శ్రోతలతో బతకడం నేర్చుకున్నారు. పెద్దల మెప్పు అక్కర్లేకపోవడం వల్లనే ప్రతి ఊరూ తన యాసనూ, తన చర్చి పాటనూ, తన ఆటనూ దాచుకోకుండా పాటలో పెట్టగలిగింది.

నేపథ్యం

హిప్‌హాప్ పుట్టింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో. 1973 ఆగస్టు 11న అక్కడి ఒక అపార్ట్‌మెంట్ భవనంలో డీజే కూల్ హెర్క్ పాటలు నడిపిన వేడుకను దాని పుట్టినరోజుగా జరుపుకుంటారు. ఆ సంగీతానికి ముడిసరుకైన సోల్, ఫంక్, బ్లూస్, గాస్పెల్ మాత్రం చాలావరకు దక్షిణాదివే. 1910 నుంచి 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లజాతీయులు వివక్ష చట్టాలను, పత్తి చేలలో కౌలు బతుకును వదిలి ఉత్తరాది, పడమటి నగరాలకు తరలిపోయారు. చరిత్రకారులు మహావలస అని పిలిచే ఆ ప్రయాణంలో పాట కూడా వాళ్ల వెంటే వెళ్లింది. మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీ తీసిన రికార్డులు, జార్జియాలో పెరిగిన జేమ్స్ బ్రౌన్ పాటల్లోని డ్రమ్ములు లేకపోతే న్యూయార్క్ డీజేల చేతిలో సరుకే ఉండేది కాదు. 1970ల నుంచి వలస దిక్కు మారింది. ఉత్తరాదిలో కర్మాగారాలు మూతపడుతుంటే నల్లజాతి కుటుంబాలు మళ్లీ దక్షిణాది నగరాలకు తిరిగి రావడం మొదలైంది.

అయినా 1980లలో ర్యాప్ కంపెనీలు, పత్రికలు, టీవీ కార్యక్రమాలు అన్నీ న్యూయార్క్‌లోనో లాస్ ఏంజెలస్‌లోనో ఉండేవి. దక్షిణాది మనిషి మాటను సాగదీసి పలికితే అది మొరటుతనంగా లెక్కకొచ్చేది. యాసను బట్టి తెలివిని తూచే ఆ అలవాటు ఎంత నొప్పిస్తుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. దక్షిణాది యువకులు మొదట్లో న్యూయార్క్ వాళ్లలా పలకడానికే ప్రయత్నించారు. ఆ ప్రయత్నం మానుకున్న రోజు నుంచే అసలు కథ మొదలైంది.

ఈ సంగీతం ఇలా ఉండడానికి కారు కూడా ఒక కారణం. న్యూయార్క్‌లో శ్రోత హెడ్‌ఫోన్లు తగిలించుకుని సబ్‌వే ఎక్కుతాడు. హ్యూస్టన్, అట్లాంటా, మెంఫిస్ విశాలంగా పరుచుకున్న ఊళ్లు. అక్కడ కారు లేనిదే పని జరగదు. కాబట్టి పాట కారులో వినడానికే తయారైంది. డిక్కీ నిండా సబ్‌వూఫర్లు బిగించి, నంబర్ ప్లేటు గలగలలాడేంత బేస్‌తో వీధుల్లో తిరగడమే శ్రోతకు గొప్ప. ఈ బేస్‌కు మూలం జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980–83 నడుమ తయారుచేసిన టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్. అది నిజమైన డ్రమ్ములా మోగడం లేదని వాద్యకారులు పెదవి విరిచారు. దాదాపు 12,000 యంత్రాల తరవాత కంపెనీ తయారీ ఆపేసింది. పాతసామాను దుకాణాల్లో అగ్గువకు దొరికిన ఆ యంత్రాన్ని కుర్రాళ్లు కొనుక్కున్నారు. దాని కిక్ శబ్దం ఎంతసేపు మోగాలో ఒక మీట తిప్పి పెంచుకోవచ్చు. పూర్తిగా పెంచితే దెబ్బ కాస్తా దీర్ఘమైన హోరుగా మారుతుంది. ఆ హోరు మీదే దక్షిణాది హిప్‌హాప్ నిలబడింది.

మయామి: బేస్, న్యాయస్థానం

ఈ హోరును మొదట వ్యాపారంగా మలిచింది మయామి. కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు సౌండ్ సిస్టమ్‌లతో పార్కుల్లో పాటలు నడిపే అలవాటు అక్కడ ఉంది. ఆ పార్కుల్లో డీజేగా పేరు తెచ్చుకున్న లూథర్ క్యాంప్‌బెల్, కాలిఫోర్నియాలో మొదలైన టూ లైవ్ క్రూ బృందాన్ని మయామికి రప్పించి సొంత కంపెనీలో రికార్డులు తీశాడు. వేగంగా సాగే దరువు, నాట్యానికి ఉసిగొల్పే కేకలు, పచ్చి శృంగారం కలిసిన ఈ బాణీకి మయామి బేస్ అని పేరు.

వాళ్ల 1989 నాటి ఆల్బమ్ అశ్లీలమని 1990 జూన్‌లో ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు ఇచ్చాడు. అమెరికాలో ఒక సంగీత ఆల్బమ్‌ను ఫెడరల్ కోర్టు అలా ప్రకటించడం అదే మొదటిసారి. రెండు రోజుల్లో ఆ ఆల్బమ్ అమ్మిన దుకాణదారును, ఆ వెంటనే వేదిక మీద పాడిన బృంద సభ్యులను పోలీసులు అరెస్టు చేశారు. సాహిత్య విమర్శకుడు హెన్రీ లూయిస్ గేట్స్ జూనియర్ కోర్టుకు వచ్చి, ఈ పాటల్లోని అతిశయోక్తికీ బూతుకూ నల్లజాతి మౌఖిక సంప్రదాయంలో పాత మూలాలు ఉన్నాయని సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ గాయకులను నిర్దోషులని తేల్చింది. 1992లో అప్పీలు కోర్టు అశ్లీల తీర్పును కొట్టేసింది.

దానికంటె దూరం వెళ్లింది రెండో కేసు. రాయ్ ఆర్బిసన్ పాత పాటకు ఈ బృందం పేరడీ కట్టింది. హక్కుదారులైన అకఫ్-రోజ్ సంస్థ దావా వేసింది. 1994లో అమెరికా సుప్రీంకోర్టు, వ్యాపారం కోసం చేసినా సరే పేరడీకి న్యాయమైన వినియోగం కింద రక్షణ ఉండవచ్చని ఏకగ్రీవంగా చెప్పింది. కాపీరైట్ చట్టం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ చదివే తీర్పు అది. ఆ పాటలు నచ్చకపోయినా, కళాకారుల స్వేచ్ఛకు మయామి చేసిన మేలు కాదనలేనిది.

హ్యూస్టన్: మనోవేదన, మందగతి

హ్యూస్టన్‌లోని ఫిఫ్త్ వార్డు పేదల పేట. అక్కడ పెరిగి, పాత కార్ల వ్యాపారం చేసిన జేమ్స్ ప్రిన్స్ 1980ల నడుమ ర్యాప్-ఎ-లాట్ రికార్డ్స్ స్థాపించాడు. ఈ కంపెనీ నిలబెట్టిన బృందం గెటో బాయ్స్. స్కార్‌ఫేస్, విల్లీ డీ, బుష్‌విక్ బిల్ అందులో ప్రధాన గాయకులు. 1990లో వాళ్ల ఆల్బమ్‌లోని హింసకు జడిసి గెఫెన్ సంస్థ పంపిణీకి నిరాకరించింది. మరుసటి ఏడు వచ్చిన ‘మైండ్ ప్లేయింగ్ ట్రిక్స్ ఆన్ మీ’ ర్యాప్ చరిత్రనే మలుపు తిప్పింది. అంతవరకు ర్యాప్ గాయకుడంటే దేనికీ బెదరనివాడు. ఇందులో ఆ మనిషికి నిద్ర పట్టదు, నీడను చూసినా అనుమానం, చావు తలపులు వదలవు. మెంఫిస్ వాసి ఐజాక్ హేస్ పాటలోని గిటార్ వరస దీనికి ఆధారం. మగవాడి భయాన్ని, మానసిక కుంగుబాటును ర్యాప్‌లో ఇంత నిజాయితీగా చెప్పిన పాట అంతకుముందు లేదు. దక్షిణాది నుంచి వచ్చిన మొదటి గొప్ప పాటగా దీన్ని ఎంచడానికి సందేహించనక్కర్లేదు.

నగరానికి తూర్పున చమురు శుద్ధి కర్మాగారాల ఊరు పోర్ట్ ఆర్థర్. అక్కడి బన్ బీ, పింప్ సీ కలిసి యూజీకే బృందంగా ఏర్పడ్డారు. వాళ్ల ‘రైడిన్ డర్టీ’ (1996) ఆల్బమ్‌లో ఆర్గన్, గిటార్, బేస్ గిటార్ నిజంగా వాయిస్తారు. ఆదివారం చర్చిలో మోగే స్వరాలు శనివారం రాత్రి కథలకు తోడవుతాయి. పింప్ సీ 2007 డిసెంబరులో మరణించాడు. బన్ బీ 2011లో రైస్ విశ్వవిద్యాలయంలో మతం, హిప్‌హాప్ సంస్కృతి మీద ఆచార్య ఆంథొనీ పిన్‌తో కలిసి పాఠం చెప్పాడు.

హ్యూస్టన్ ప్రత్యేకత తెలియాలంటే డీజే స్క్రూను తెలుసుకోవాలి. అసలు పేరు రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్, 1971లో పుట్టాడు. 1990ల మొదట్లో ఆయన ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదాన్ని కాస్త వెనకగా నడుపుతూ, మధ్యలో ఫేడర్‌ను అటూ ఇటూ జరిపి మాటలను తుంచి మళ్లీ పలికించేవాడు. అలా చేసినదాన్ని టేపు వేగం తగ్గించి క్యాసెట్‌కు ఎక్కించేవాడు. గొంతు బొంగురుపోతుంది, దరువు బరువెక్కుతుంది, వేగంలో జారిపోయిన మాట ఒక్కొక్కటీ విడిగా వినబడుతుంది. ఈ పద్ధతికి ‘చాప్డ్ అండ్ స్క్రూడ్’ అని పేరు. బూడిదరంగు క్యాసెట్ల మీద చేత్తో పేరు రాసి ఇంటి దగ్గరే అమ్మేవాడు. సాయంత్రాలు గేటు ముందు కార్లు బారులు తీరితే ఇక్కడ మత్తుమందు అమ్ముతున్నారేమోనని పోలీసులు అనుమానించారు. 1998లో ఆ క్యాసెట్ల కోసమే సొంత దుకాణం తెరిచాడు.

పేటలోని కుర్రాళ్లు ఆయన ఇంట్లో మైకు ముందు కూర్చుని అప్పటికప్పుడు పాట కట్టేవారు. 1996 నాటి ‘జూన్ 27’ టేపులో ఒకే దరువు మీద వరసగా అరగంటకు పైగా అలా పాడారు. ఆ క్యాసెట్లలో వినిపించే గొంతుల్లో ‘బిగ్ ఫ్లాయిడ్’ ఒకటి. ఆయనే, 2020 మే నెలలో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచిన జార్జ్ ఫ్లాయిడ్.

ఈ మందగతికి హ్యూస్టన్ కార్లతో ముడి ఉంది. పాత క్యాడిలాక్‌ను మిఠాయిలా మెరిసే రంగు వేయించి, చక్రాల మధ్య నుంచి ఊచలు బారెడు బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు తగిలించి, డిక్కీ మూత ఎత్తి లోపల దీపాలతో రాసిన మాటలు కనిపించేలా నెమ్మదిగా నడుపుతారు. వీటిని ‘స్లాబ్’ అంటారు. దీని చీకటి కోణం కోడీన్ కలిసిన దగ్గు మందు. దాన్ని సోడాలో కలుపుకుని తాగే అలవాటు ఈ పాటలతో పాటే దేశమంతా పాకింది. స్క్రూ 2000 నవంబరు 16న 29 ఏళ్లకే కోడీన్, ఇతర మందులు శరీరంలో ఎక్కువై మరణించాడు. పింప్ సీ మరణంలోనూ ఆ మందు పాత్ర ఉంది. ఈ అలవాటును గొప్పగా పాడిన పాటలను ఎంత కళగా విన్నా, ఆ నష్టం కళ్లముందు ఉంచుకునే వినాలి. స్క్రూ వాడిన గ్రామఫోన్ రికార్డులు ఇప్పుడు హ్యూస్టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

2005 ప్రాంతంలో మైక్ జోన్స్, పాల్ వాల్, స్లిమ్ థగ్ ఈ నగరపు బాణీని దేశమంతా వినిపించారు. చమీలియనేర్ పాట ‘రైడిన్’ 2006లో బిల్‌బోర్డ్ తొలి స్థానానికి చేరింది.

మెంఫిస్

మెంఫిస్ ర్యాప్ కూడా క్యాసెట్ల మీదే పెరిగింది. డీజే స్పానిష్ ఫ్లై వంటివాళ్లు వేసిన బాటలో డీజే పాల్, జూసీ జే 1991లో త్రీ సిక్స్ మాఫియాను మొదలుపెట్టారు. భయానక చిత్రాల నేపథ్య సంగీతం లాంటి కీబోర్డు స్వరాలు, ఒకే మాటను మంత్రంలా మళ్లీమళ్లీ పలకడం, తుప్పుపట్టిన టేపు లాంటి ధ్వని వాళ్ల ‘మిస్టిక్ స్టైలెజ్’ (1995) గుర్తులు. ఒక దెబ్బలో మూడు మాటలు ఇమిడ్చే పలుకుబడిని లార్డ్ ఇన్‌ఫమస్ ఇక్కడే సాధన చేశాడు. ఇరవై ఏళ్ల తరవాత అది ప్రపంచమంతటా ర్యాప్ గాయకుల నోట పలికింది. బృందంలోని గ్యాంగ్‌స్టా బూ మగవాళ్లతో సమానంగా, ఏ మాత్రం తగ్గకుండా పాడిన తొలితరం దక్షిణాది మహిళల్లో ఒకరు. ఆరెంజ్ మౌండ్ పేట నుంచి వచ్చిన ఎయిట్‌బాల్, ఎంజేజీల పాట ఇంకో దారి: బ్లూస్‌లా నింపాదిగా కథ చెబుతుంది.

2006 మార్చిలో త్రీ సిక్స్ మాఫియా ఆస్కార్ వేదిక మీద పాడి, ‘హసిల్ అండ్ ఫ్లో’ చిత్రంలోని పాటకు ఉత్తమ గీతం పురస్కారం అందుకుంది. ఆ గౌరవం పొందిన మొదటి హిప్‌హాప్ బృందం వాళ్లే. 2023లో తెలుగు పాట ‘నాటు నాటు’కు దక్కింది ఇదే పురస్కారం.

న్యూ ఆర్లీన్స్

న్యూ ఆర్లీన్స్‌లో అంత్యక్రియలకు కూడా బ్యాండు మోగుతుంది, వెనక జనం ఆడుతూ నడుస్తారు. మార్డి గ్రా పండగలో ఈకల దుస్తులు వేసుకున్న బృందాలు ఒకరు పిలిస్తే అందరూ పలుకుతూ పాడతాయి. ఆ పిలుపు–పలుకు పద్ధతే ర్యాప్‌లోకి వచ్చి ‘బౌన్స్’ అయింది. దీనికి ఆధారమైన దరువు న్యూయార్క్‌లోని క్వీన్స్‌కు చెందిన షోబాయ్స్ అనే బృందం 1986లో చేసిన ఒక పాటలోది. సొంత ఊరు పట్టించుకోని ఆ దరువును న్యూ ఆర్లీన్స్ తనదిగా చేసుకుంది. 1991లో ఎంసీ టీ టక్కర్, డీజే ఇర్వ్ దాని మీద తొలి బౌన్స్ పాట కట్టారు. డీజే తన పేటను, వార్డును, ప్రభుత్వ గృహసముదాయాన్ని పేరు పెట్టి పిలుస్తాడు. అక్కడివాళ్లు కేక వేస్తారు. పాట ఒక్కసారి వింటే నగరపటం కళ్లకు కడుతుంది. పిరుదులు వేగంగా కదిపే ఆట కూడా ఈ నగరానిదే. బిగ్ ఫ్రీడియా వంటి క్వియర్ కళాకారులు బౌన్స్‌లో ముందు వరసలో నిలవడం హిప్‌హాప్‌లో అరుదైన విషయం.

ఈ నగరం ర్యాప్‌కు వ్యాపార పాఠం కూడా చెప్పింది. క్యాలియోప్ గృహసముదాయంలో పెరిగిన మాస్టర్ పీ, కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో నో లిమిట్ పేరిట ఒక రికార్డుల దుకాణం పెట్టి, దాన్నే కంపెనీగా మార్చాడు. 1996లో ప్రయారిటీ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలో పంపిణీదారుకు 15 శాతం మాత్రమే ఇచ్చి, మాస్టర్ టేపుల హక్కు తన దగ్గరే ఉంచుకున్నాడు. అడ్వాన్సు చేతిలో పడగానే హక్కులన్నీ రాసిచ్చే కాలంలో ఇది సాహసమే. సోదరులు బ్రయాన్, రొనాల్డ్ విలియమ్స్ 1991లో స్థాపించిన క్యాష్ మనీ 1998లో యూనివర్సల్‌తో అలాంటి ఒప్పందమే చేసుకుంది. మ్యానీ ఫ్రెష్ సంగీతంతో జువెనైల్ అదే ఏడాది తెచ్చిన ‘400 డిగ్రీజ్’ దేశమంతా మోగింది. ఆ కంపెనీలో పిల్లవాడిగా చేరిన లిల్ వేన్ ఆల్బమ్ ‘ద కార్టర్ త్రీ’ 2008లో మొదటి వారంలోనే పది లక్షలకు పైగా అమ్ముడైంది.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను ఈ నగరాన్ని ముంచింది. వేలాది కుటుంబాలు హ్యూస్టన్, అట్లాంటాలకు చెదిరిపోయాయి. బౌన్స్ కూడా వాళ్లతో ఆ ఊళ్లకు చేరింది. పాటల్లో పేరు పేరునా తలచుకున్న మాగ్నోలియా, క్యాలియోప్ సముదాయాలను కూల్చడానికి 2007 డిసెంబరులో నగర పాలక మండలి ఆమోదం తెలిపింది. తిరిగి రావాలనుకున్న పేదలకు ఇళ్లు లేకుండా పోయాయి. ఆ పేటల జ్ఞాపకం చాలామందికి ఇప్పుడు పాటల్లోనే మిగిలింది.

అట్లాంటా: వెక్కిరింత నుంచి రాజధాని దాకా

1973లో మేనార్డ్ జాక్సన్ మేయర్‌గా ఎన్నికయ్యాక అట్లాంటాలో నల్లజాతివారికి నగర కాంట్రాక్టుల్లో వాటా దక్కింది. మోర్‌హౌస్, స్పెల్మన్ వంటి కళాశాలలు, డబ్బున్న నల్లజాతి మధ్యతరగతి, దాని పక్కనే తీరని పేదరికం కలిసి ఉన్న నగరమిది. 1989లో ఎల్.ఎ. రీడ్, బేబీఫేస్ లఫేస్ రికార్డ్స్‌ను ఇక్కడ నెలకొల్పారు. జెర్మేన్ డుప్రీ తయారుచేసిన క్రిస్ క్రాస్ అనే పిల్లల జంట, పల్లె మూలాలను తడిమిన అరెస్టెడ్ డెవలప్‌మెంట్ బృందం 1992లోనే దేశమంతా పేరు తెచ్చుకున్నాయి.

అసలు మలుపు మాత్రం లేక్‌వుడ్ ప్రాంతంలో రికో వేడ్ తల్లి ఇంటి నేలమాళిగలో జరిగింది. జార్జియా ఎర్రమట్టి కనిపించే ఆ ఇరుకు గదిని ‘డంజన్’ అనేవారు. రికో వేడ్, రే మర్రీ, స్లీపీ బ్రౌన్ ముగ్గురూ ఆర్గనైజ్డ్ నాయిజ్ పేరిట అక్కడ సంగీతం చేసేవారు. ఈస్ట్ పాయింట్‌లోని ట్రై-సిటీస్ హైస్కూల్‌లో కలిసి చదివిన ఆండ్రే బెంజమిన్, ఆంట్వన్ ప్యాటన్ ఆ గది చేరి అవుట్‌కాస్ట్ జంట అయ్యారు. వాళ్ల తొలి ఆల్బమ్ 1994 ఏప్రిల్‌లో వచ్చింది.

1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో ‘ద సోర్స్’ పత్రిక పురస్కారాల సభ జరిగింది. తూర్పు, పడమర తీరాల తగవుతో హాలంతా ఉడుకుతున్న వేళ ఉత్తమ కొత్త బృందంగా అవుట్‌కాస్ట్ పేరు చదివారు. జనం గేలి చేస్తూ అరిచారు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు ఆండ్రే మైకు ముందుకు వచ్చి, మూసుకుపోయిన బుర్రలతో విసిగిపోయానని, దక్షిణాదికి కూడా చెప్పవలసినది ఉందని రెండు ముక్కల్లో చెప్పి దిగిపోయాడు. ఆ మాట ఒక ప్రాంతపు ఆత్మగౌరవ ప్రకటనగా నిలిచింది. పరిశోధకురాలు రెజీనా బ్రాడ్లీ తన 2021 పుస్తకంలో, పౌరహక్కుల ఉద్యమం తరవాత పుట్టిన దక్షిణాది నల్లజాతి తరం తనను తాను అర్థం చేసుకోవడానికి అవుట్‌కాస్ట్ ఎలా దారి చూపిందో వివరించారు. ‘ఏటిలియన్స్’, ‘అక్వెమినై’, ‘స్టాంకోనియా’ ఆల్బమ్‌లతో వాళ్లు ఒక్కో మెట్టు ఎక్కారు. 2003 నాటి జంట ఆల్బమ్ ‘స్పీకర్‌బాక్స్/ద లవ్ బిలో’కు 2004లో గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం వచ్చింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అదే డంజన్ నుంచి వచ్చిన గూడీ మాబ్ ఆల్బమ్ ‘సోల్ ఫుడ్’ (1995) అమ్మమ్మ వంట, పోలీసుల వేధింపు, దేవుడు, మరణం అన్నీ ఒకే పీట మీద కూర్చోబెట్టింది. అవుట్‌కాస్ట్‌కు వచ్చినంత పేరు దీనికి రాకపోవడం అన్యాయం.

ఆ తరవాత అట్లాంటా జోరు ఆగలేదు. మెంఫిస్ క్లబ్బుల కేకలను అందిపుచ్చుకుని లిల్ జాన్ ‘క్రంక్’ను దేశం మీదికి వదిలాడు. 2004లో అషర్ పాట ‘యా!’తో అది పాప్ సంగీతంలో కలిసిపోయింది. డీజేలు కొత్త పాటలను క్లబ్బుల్లో పరీక్షించి, జనం ఆడితేనే రేడియోకు పంపే పద్ధతి ఇక్కడ స్థిరపడింది. 2007లో సోల్జా బాయ్ ఇంట్లో కంప్యూటర్ మీద చేసిన పాటను అంతర్జాలంలో పంచి బిల్‌బోర్డ్ శిఖరానికి చేర్చాడు.

ట్రాప్

మత్తుమందు వండి అమ్మే ఇంటిని అట్లాంటా వాడుకలో ట్రాప్ అంటారు. 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్ కొకెయిన్‌తో దొరికితే పడే కనీస శిక్ష, 500 గ్రాముల పొడి కొకెయిన్‌తో దొరికితే పడేదానితో సమానం. క్రాక్ పేదపేటల సరుకు కాబట్టి ఆ తేడా నల్లజాతి కుటుంబాలను చీల్చింది. 2010లో దాన్ని తగ్గించారు గాని పూర్తిగా తీసేయలేదు. ఈ పరిస్థితి నుంచి వచ్చిన కథలే ట్రాప్ పాటలు. టి.ఐ. ‘ట్రాప్ మ్యూజిక్’ (2003), జీజీ, గూచీ మేన్ 2005 ఆల్బమ్‌లు దీనికి పునాదులు. షాటీ రెడ్, జేటోవెన్, లెక్స్ లూగర్ వంటి సంగీతకర్తలు 808 హోరు మీద గబగబా పరుగెత్తే హై-హ్యాట్లు పరిచారు. జేటోవెన్ చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి, ఆ వేళ్ల వాటం ట్రాప్ పాటల్లోనూ తెలుస్తుంది. 2013 నుంచి మిగోస్, ఫ్యూచర్, యంగ్ థగ్ దీనికి కొత్త పలుకుబడి నేర్పారు. ఆటో-ట్యూన్‌లో మాట కరిగి రాగమయ్యే ఫ్యూచర్ గొంతులో మత్తుకంటె దుఃఖమే ఎక్కువ వినబడుతుంది.

జార్జియా ప్రాసిక్యూటర్లు 2022 మేలో యంగ్ థగ్‌పై ముఠా కుట్ర అభియోగం మోపి, అతని పాటల చరణాలనే సాక్ష్యంగా చూపారు. ఆ రాష్ట్ర చరిత్రలోనే అతి దీర్ఘమైన ఆ విచారణలో 2024 అక్టోబరు చివర కొన్ని నేరాలు ఒప్పుకుని అతను విడుదలయ్యాడు. కల్పనను నేరాంగీకారంగా చదవడం ఏ కళకూ క్షేమం కాదు. నవలాకారుడికి, సినిమా రచయితకు ఎదురుకాని ప్రశ్న ర్యాప్ గాయకుడికే ఎదురవుతోంది.

వర్జీనియా, మిసిసిపీ

వర్జీనియా తీరం నుంచి మిస్సీ ఎలియట్, టింబలండ్ వచ్చారు. 1997 నాటి ‘సూపా డూపా ఫ్లై’తో దరువులో ఖాళీలు వదలడం ఎలాగో లోకానికి నేర్పారు. మిస్సీ 2023లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ చేరిన తొలి మహిళా ర్యాప్ కళాకారిణి. మిసిసిపీ నుంచి డేవిడ్ బ్యానర్, బిగ్ క్రిట్ బ్లూస్ నేల పలుకును నిలబెట్టారు.

విమర్శలు

దక్షిణాది ర్యాప్ సాహిత్యాన్ని చంపి ఆటపాటగా దిగజార్చిందని 2000లలో న్యూయార్క్ అభిమానులు దుయ్యబట్టారు. ఆట కోసం కట్టిన పాటను పద్యంలా చదివి తప్పు పట్టడం సరికాదు. అదే నేల నుంచి స్కార్‌ఫేస్, ఆండ్రే వంటి కవులు వచ్చారన్నదీ మరవరాదు. స్త్రీలను కించపరచడం మీద వచ్చిన విమర్శ మాత్రం న్యాయమైనది. 2004లో అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాల విద్యార్థినులు, సెయింట్ లూయిస్ గాయకుడు నెల్లీ వీడియోలో ఆడవాళ్లను చూపిన తీరును నిలదీశారు. వాళ్లు ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్లే కావడం వల్ల ఆ ప్రశ్నకు బలం వచ్చింది. హింస కూడా బాధించే నిజం. 2021లో మెంఫిస్‌లో యంగ్ డాల్ఫ్, 2022లో హ్యూస్టన్‌లో మిగోస్ బృందపు టేకాఫ్ కాల్పుల్లో చనిపోయారు.

ప్రభావం

2021లో రిచ్‌మండ్‌లోని వర్జీనియా లలితకళా ప్రదర్శనశాల ‘ద డర్టీ సౌత్’ పేరుతోనే పెద్ద ప్రదర్శన నిర్వహించి, ఈ సంగీతాన్ని దక్షిణాది చిత్రకళ, శిల్పాల పక్కన నిలబెట్టింది. ఇక్కడి బాణీలు కొరియా పాప్ నుంచి నైజీరియా పాటల దాకా చేరాయి. కేరళలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన హనుమాన్‌కైండ్ 2024లో ‘బిగ్ డాగ్స్’ పాటతో ప్రపంచాన్ని ఆకట్టుకున్నాడు. ఆ పలుకులో హ్యూస్టన్ ఛాయ స్పష్టంగా ఉంది. తెలుగు సినిమాల్లో హీరో ప్రవేశ గీతాల వెనక ఇప్పుడు తరచు మోగేది ట్రాప్ దరువే. తెలుగు కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన అట్లాంటా, హ్యూస్టన్ శివార్లకు ఇది పక్కింటి సంగీతం.

కొత్తగా వినేవారు గెటో బాయ్స్ 1991 పాటతో మొదలుపెట్టి, ‘సోల్ ఫుడ్’, ‘రైడిన్ డర్టీ’, ‘అక్వెమినై’, ‘400 డిగ్రీజ్’ వరసగా వినవచ్చు. ఫోన్ స్పీకరుకు 808 హోరు అందదు, సగం పాట పోతుంది. మంచి బేస్ ఉన్న స్పీకర్లలో గాని కారులో గాని వినండి.